కాలు విరిగినవాడు నది దాటిన కథ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగపిల్లల చేతికి పలక ఇచ్చేవారు, ఆడపిల్లల ముందు రాట్నం పెట్టేవారు. ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం అదే. అరవై రెండో ఏట మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. కోపం మాత్రం తొమ్మిదో ఏటిది.

మాది బెంగళూరు పేటలో నేతగాళ్ల ఇల్లు. ముందు గదిలో మగ్గాలు. వెనక వసారాలో అమ్మ, పెద్దమ్మ, అక్క, నేను పట్టుదారాన్ని కండెలకు చుట్టేవాళ్లం. మగ్గం ఆగకూడదంటే మా రాట్నాలు ఆగకూడదు. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా చిన్నాయన దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక ఆఫీసులో పనిచేసేవాడు. సోల్జర్లు పారేసిన ఇంగ్లీషు పత్రికలు తెచ్చుకుని, పొద్దున ఆఫీసుకు పోయేముందు మా మధ్య కూర్చుని వాటిలోని కథలు తెలుగులో చెప్పేవాడు.

ఒకసారి మంచుదేశపు కథ ఎత్తుకున్నాడు. నది గడ్డకట్టి ఉంది. భర్త కాలు విరిగి మంచాన పడ్డాడు. బిడ్డకు జ్వరం. డాక్టరు అవతలి ఒడ్డున ఉన్నాడు. తల్లి బిడ్డను ఎత్తుకుని గడ్డకట్టిన నది మీద కాలు పెట్టింది. నాలుగడుగులు వేసేసరికి కింద మంచు పటపటమంది.

ఆ పటపట నాలుగు రోజులు సాగింది. అమ్మ ఊపిరి బిగబట్టి వినేది. నేను నీళ్లబిందె మోస్తూ కూడా నేల పగులుతుందేమోనని చూసి అడుగు వేసేదాన్ని. ఆమె దాటుతుందా లేదా, నాకు అదొక్కటే ధ్యాస.

భయం పట్టుకుంటే రాట్నం మీద చెయ్యి వేగంగా తిరుగుతుంది. అది మాకు తెలియదు, చిన్నాయనకు తెలుసు. మూడో రోజు ఆయన మా నాయనతో నవ్వుతూ అనడం నా చెవులతో విన్నాను.

"చూస్తివా అన్నా, కండెలు ఎట్ల నిండతా ఉండాయో! ఆయమ్మని ఇంకో రెండు దినాలు మంచు మీదనే నిలబెడతా, ఉండు."

ఐదో రోజు కథ ముగించాడు. ఆమె భయపడి వెనక్కి వచ్చేసిందట. భర్త దేవుణ్ణి తలుచుకుని లేచి, తానే నది దాటి డాక్టర్ని తెచ్చాడట. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "మొగుడంటే అట్లుండల్ల" అంది.

"కాలు విరిగినోడు ఎట్ల దాటె, చిన్నాయనా?" అన్నాను.

"దేవుని దయ. నీకేమే అన్నీ? చుట్టు, దారం తెగతా ఉండాది."

దారం తెగలేదు.

ఆ మధ్యాహ్నం పత్రికను పావడాలో దాచుకుని పక్కింటి అక్క దగ్గరకు వెళ్లాను. ఆమె దొరసానుల బడిలో చదివేది. మంచు మీద ఒక ఆడమనిషి బోర్లా పడుకుని ఉన్న బొమ్మ చూపించాను. ఆ అక్క చదివి ముఖం చిట్లించింది.

"ఇందులో మొగుడు మంచం దిగనే లేదు కదే!"

మంచు పగులుతుంటే ఆమె బిడ్డను వెంట లాక్కొచ్చిన చెక్కతొట్టిలో పడుకోబెట్టి, బరువు ఒక్కచోట పడకుండా తాను బోర్లా పడుకుని, తొట్టిని ముందుకు తోస్తూ పాకిందట. చేతులు చీరుకుపోయాయట. అయినా దాటిందట.

చిన్నాయన తెలియక తప్పు చెప్పి ఉంటే ఊరుకునేదాన్ని. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆమె పడ్డ భయాన్ని మా పనికి వాడుకున్నాడు, ఆమె దాటిన నదిని మంచంలో ఉన్నవాడికి ఇచ్చేశాడు. చదవలేనివాళ్లకు ఎదుటివాడు ఏ ముగింపు ఇస్తే అదే ముగింపు. ఈరోజుకీ ఎవరైనా "అందులో ఏముందో నేను చెబుతాలే అమ్మా" అంటే నా ఒళ్లు మండుతుంది. ఆ కాగితం ఇలా ఇవ్వమని చెయ్యి చాస్తాను.

మరుసటి రోజు పొద్దున చిన్నాయన కొత్త కథకు గొంతు సవరించుకున్నాడు. ఆయనకంటే ముందే నేను నోరు తెరిచాను.

"అమ్మా, ఆయమ్మ వెనక్కి రాలేదు."

"ఎవరే నీకు చెప్పింది?" అంటూ ఆయన లేచాడు. నేను ఆగలేదు. బిడ్డను తొట్టిలో పెట్టించాను. ఆమెను మంచు మీద అంగుళం అంగుళం పాకించాను. ఒడ్డు ఎక్కించి డాక్టరు తలుపు కొట్టించాను. అప్పటికి వసారాలో ఒక్క రాట్నం కూడా తిరగడం లేదు.

"ఏమే, కండెలేవీ?" అని ముందు గదిలోంచి నాయన కేక వేశాడు. అమ్మ నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"చేతులు శానా చీరుకపోయెనా, ఆయమ్మకి?"