కొమ్ముల రంగు బండి

పెళ్ళయిన కొత్తలో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కూరలో ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే చాలు, ఆ పూట గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, పౌడర్ కోటింగ్ అనే ఒక్క మాట మీద వచ్చినంత కోపం నాకు అత్తగారి మీద కూడా రాలేదు (ఆమె చదవదులెండి).

మాది పుంగనూరు పక్క పల్లె. మా నాయన తన పాత మోటార్ సైకిలు ఇచ్చింది అల్లుడికి కాదు, నాకు. పొద్దున, సాయంత్రం చెరో పక్కన క్యాను తగిలించుకుని పాల కేంద్రానికి తోలుకుపోయేది నేనే. మా నాయన ఉండేది శాంతిపురం దగ్గర. ఏటా పశువుల పండగకు ఎద్దుల కొమ్ములకు రంగు పూసి, మిగిలిన డబ్బా పట్టుకుని కుప్పంలో బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. మాదేమో కొమ్ముల్లేని జెర్సీ ఆవు. పూయడానికి కొమ్ములు లేవు గనుక బండి ఫ్రేముకూ చక్రాలకూ పూసి పోయేవాడు. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నీలం, ఒక ఏడు ఆకుపచ్చ.

మా ఆయన మదనపల్లె టమోటా మండీలో పని చేసేవాడు. అక్కడ ఎవరిదో నల్లగా నిగనిగలాడే బండి చూసి వచ్చి, ఫ్రేము, చక్రాలు మనమూ పౌడర్ కోటింగ్ వేయిద్దామని పట్టుబట్టాడు. రంగుపొడి చల్లి పెద్ద పొయ్యిలో కాలుస్తారట, ఏండ్ల తరబడి తుప్పు పట్టదట.

"నీ బండి ఎనక కూర్చుంటే గంగిరెద్దు మింద ఊరేగినట్లుండాది మే," అన్నాడు.

"అట్లయితే దిగి నడువు," అన్నాను.

బండి మొత్తం విప్పేస్తే పాలు ఎక్కడ మోసేదని నా వాదం. మా అత్తేమో, కొడుకు దగ్గర వేయించుకోమనేది, నా దగ్గర అంతా దండగ అనేది. అలా తేలకుండానే నేను మా చెల్లెలి బిడ్డకు పుట్టు వెంట్రుకలు తీస్తుంటే శాంతిపురం పోయి వచ్చాను. వచ్చి చూస్తే ఇంజను గడ్డి తొట్టిలో ఉంది, టాంకు మంచం మీద పడుకుని ఉంది, హ్యాండిలు బట్టల తీగకు వేలాడుతోంది. ఆవు ఇంజను వాసన చూస్తోంది. ఫ్రేము, చక్రాలు లేవు, మా ఆయన మదనపల్లెలో కోటింగ్ కొట్టుకు మోసుకుపోయాడట. పాలు కేంద్రానికి పోక మా అత్త అన్నీ తోడు పెట్టేస్తే, వీధిలో ప్రతి ఇంట్లో మా పెరుగే.

తెల్లారి బస్సెక్కి మదనపల్లె పోయాను. కోటింగ్ కొట్టు పెద్దాయనకు అప్పటికే మనసులో పొయ్యప్ప అని పేరు పెట్టేశాను. నా ఫ్రేము అలాగే ఇచ్చేయమని గట్టిగా అడిగాను. గాలితో ఇసుక కొట్టి రంగులన్నీ తీసేసినందున అది తోలు తీసిన మేకలా ఉంది. ఆయన దాన్ని తిప్పి సీటు కింద చోటు చూపించాడు.

"ఈడ పగిలుండాది సూడమ్మా. ఎవురో పుట్టీ మెత్తి పైన రంగు పూసుండారు. ఇట్లాంటి దాని మింద క్యాన్లు ఏసుకొని తిరుగుతాండారా?"

మా ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడికక్కడే శాంతిపురం దిక్కుకు తిరిగింది. ఫోను చేశాను.

"నాయనా, సీటు కింద పగిలుండేది నీకు తెలుసునా?"

ఎద్దు మెడ గంట చప్పుడు వెనక నుంచి నాయన గొంతు వచ్చింది.

"తెలుసమ్మా. ఏటా రంగు పూసేటప్పుడు పెరిగిందేమోనని తడిమి సూస్తానే ఉంటిని."

"ఎల్డింగ్ యాల చేపిచ్చలేదు?"

"ఎల్డింగంటే బండంతా ఇప్పాల. నువ్వు పాలు యాడ మోస్తావు?"

నా మాటే నాకు తిరిగొచ్చింది. అరవకుండానే ఫోను పెట్టేశాను (అది అంతకుముందు ఎప్పుడూ జరగలేదు). పొయ్యప్పను పగులుకు వెల్డింగ్ చేయించి కోటింగే వేయమన్నాను. మండీ నుంచి పరుగున వచ్చిన మా ఆయన వెనక నుంచి నలుపు అని గొణిగాడు.

"చక్రాలు నీవి, ఫ్రేము నాది," అన్నాను.

ఫ్రేముకు మా నాయన పూసిన ఆకుపచ్చే ఎంచాను. బండి తయారై వచ్చేదాకా సైకిలు మీద క్యాన్లు మోసింది మా ఆయనే. కేంద్రం దగ్గర అందరూ నవ్వారట. నవ్వనీ.

మరుసటి పండగకు మా నాయన డబ్బా తెచ్చి, ఫ్రేమంతా తడిమి, సీటు కింద వేలితో తట్టి, "యాడా రంగు ఎగరలేదే," అని దిగులుగా డబ్బా కింద పెట్టాడు. ఆ తర్వాత ఏటా అంతే. డబ్బా తేవడం మానడు, మూత తీసే పని పడదు.

మొన్న పండగకు సీటు కింద గోరంత పూత లేచిపోయి ఉంది. ఆవు కొమ్ము గీరింది నాయనా అన్నాను. జన్మంతా పశువులతో బతికిన మనిషి. బండి వంక చూశాడు, గడ్డి మేస్తున్న మా బోడి ఆవు వంక చూశాడు, నా వంక చూశాడు. డబ్బా మూత తీశాడు. ఈ ఏడు ఎరుపు. అప్పటి నేనైతే పచ్చ ఫ్రేము మీద ఆ ఎర్ర మచ్చకు ఊరంతా వినబడేలా అరిచి ఉండేదాన్ని. ఇప్పుడు అది ఆరేదాకా బండిని ఎవరినీ తాకనివ్వలేదు.