కళ్లు మూసుకుని భార్యను సాగనంపిన వైనం

మనశ్శాంతి కోసం కూర్చుని కాపురమే కూల్చుకోబోయిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి.

నిజాం పాలన పోయిన కొత్త. మిర్యాలగూడ బడిలో పంతుల్ని. పులుసులో ఉప్పెక్కువైందని నోరు పారేసుకుంటే, నా భార్య రాజమ్మ కోదాడలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లి పిలవడానికి నాకు అహం అడ్డం. ఒక్కడికే వండుకోవడం, అదీ మాడ్చుకోవడం, సెలవు రోజున పలకరించే దిక్కులేక గోడలు చూడడం. దాపరికమెందుకు, ఏడ్చాను కూడా.

నిద్రపట్టక సూర్యాపేటలో ఒక ముసలి వైద్యుణ్ణి కలిశాను.

"మందేం లేదు పంతులూ. పొద్దుగాల కండ్లు మూసుకొని ఊపిరి వచ్చుడు, పోవుడు సూడు. మనసుల ఏమొచ్చినా పిలవకు, తరమకు. వస్తది, పోతది."

ఊపిరి సంగతేమో గానీ, కూర్చోగానే రాజమ్మ వచ్చేది. "ఇగో, అన్నం తిన్నవా?" అనేది. మొదట్లో కళ్లు తెరిచి వెతికేవాణ్ణి. ఇల్లంతా ఖాళీ. నెల తిరిగేసరికి ఆరితేరాను. నిద్ర కూడా పట్టసాగింది.

ఒక ఆదివారం పొద్దున అలాగే కూర్చున్నాను.

"ఇగో, నేనొచ్చిన."

వస్తది, అనుకున్నాను.

"గింత కోపమా? జర కండ్లు తెర్వరాదు!"

పోతది, అనుకుని చిరునవ్వు కూడా నవ్వాను.

"సూసినవా అన్నా, నవ్వుతుండు! నా మొకం సూడనీకె మనసొప్పుతలేదు."

"నడువు చెల్లె, పోదాం."

ఓహో, ఇవాళ బావ కూడా వచ్చాడు, మన ధ్యానం బాగా ముదిరింది అని మురిసిపోయాను! భుజం పట్టి కుదిపినా, పేరు పెట్టి పిలిచినా తెలిసేది. మొగుడి పేరు పలకకూడదాయె, అన్న ముందు మొగుణ్ణి ముట్టుకోకూడదాయె.

తీరా కళ్లు తెరిస్తే గడప దగ్గర మూట. విప్పితే నాకిష్టమైన నువ్వుల లడ్డూలు. అంటే ఇందాక వచ్చింది నిజం రాజమ్మే!

పరుగెత్తితే బస్సు లేపిన దుమ్ము దక్కింది. అహాన్ని అక్కడే వదిలేసి, తర్వాతి బస్సుకు కోదాడ వెళ్లి, గుమ్మంలోనే బావకు వైద్యుడి మాటతో సహా అంతా చెప్పుకున్నాను. లోపల విన్న రాజమ్మ అరుగు మీదికొచ్చి, కాళ్లు మడిచి, కళ్లు మూసుకుంది.

"రాజమ్మా, తప్పైంది. ఇంటికి పోదాం."

"అన్నా, ఎవరో పిలిచినట్టైతుంది," అంది కళ్లు తెరవకుండానే. "ఏం లేదులే. వస్తది, పోతది."

సాయంత్రం బస్సు హారన్ మోగేదాకా ఆమె ఎదుటే కూర్చున్నాను. అప్పుడు ఒక కన్ను తెరిచింది.

ఆ అరుగు మీదే ఒట్టేశాను: రాజమ్మ గొంతు వినబడ్డాక ఈ జన్మలో మళ్లీ కళ్లు మూసుకుని కూర్చోను!

ఆమె పోయి ఆరేళ్లు. ఇప్పటికీ పొద్దున్నే ధ్యానానికి కూర్చుంటాను. "ఇగో" అని వినబడగానే కళ్లు తెరుస్తాను. ఇంతవరకు ఒక్కరోజు కూడా ఒట్టు తప్పలేదు.