అప్ప కోసం పదమూడు కిలోలు

విశాఖపట్నంలో ఆ డాక్టరు నన్ను తూకం మిషనెక్కించి "తొంభై ఏడు" అన్నాడు. ఆయన పొట్ట బల్ల అంచుకి ఆనుకుని ఉంది. అయినా నన్ను చూసి మొహం చిట్లించాడు. "రక్తం కలిసింది, మిగతావన్నీ కలిశాయి. ఈ ఒంటికి మాత్రం నేను కత్తి పెట్టను. ఎనభై నాలుగుకి దిగి రండి, అప్పుడు చూద్దాం."

మా అప్పకి నా కిడ్నీ ఇవ్వడానికి వెళ్లాం ఆ రోజు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఉద్దానంలో పుట్టి, ఉద్దానంలోనే కాపురానికి వెళ్లిన మనిషి. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని పోతోంది. సూది గుచ్చడానికి ఎడమ చేతిలో కలిపిన నరం మూసుకుపోతే కుడి చేతికి కలిపారు. అదీ మూసుకుపోతే ఇక చాలా కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఎన్నాళ్లు ఆగుతుందని అడిగితే పెదవి విరిచాడు.

ఆమె కూతురు చంటిపిల్ల తల్లి, దాన్ని అడగలేం. ఇక మా బావ ఉన్నాడు. "నాకు బీపీ ఉన్నాది" అని ఒక్క ముక్క చెప్పి టెస్టుల గది గుమ్మం కూడా తొక్కలేదు. ఆ బీపీని ఏ మిషనూ ఇంతవరకు పట్టుకోలేదు. కట్టుకున్నవాడు అలా తప్పుకున్నాక, తోడబుట్టినవాణ్ని నేను మిగిలాను, తొంభై ఏడు కిలోల కొవ్వుతో.

బయట బెంచీమీద కూర్చున్న అప్పకి సంగతి చెప్పాను. పకపకా నవ్వింది. "సిన్నప్పుడు నా వాటా బెల్లమ్ముక్క కూడా లాక్కుని తినీసీవోడివి. ఇప్పుడు కక్కు."

కక్కాల్సింది చాలానే ఉంది. పలాసలో జీడిపప్పు వ్యాపారం నాది. బస్తా మూతి విప్పగానే గుప్పెడు నోట్లో పోసుకుని, కరకరా నమిలి, "సెమ్మ ఉన్నాది" అని మొహం అదోలా పెట్టాలి. అవతలివాడు ధర దించేదాకా ఆ మొహం అలాగే ఉంచాలి. ఇరవై ఏళ్లు రోజుకి పది బస్తాల దగ్గర అలా మొహం పెట్టాను. పప్పు మాత్రం ఎప్పుడూ ఉమ్మలేదు.

ఇస్తున్న సంగతి ఎవరికీ చెప్పకూడదని నేనూ, నా భార్యా, అప్పా, బావా అనుకున్నాం. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మా పెద్దలు నలుగురు ఇంటికొచ్చి కుర్చీల్లో కూర్చుని, "ఇల్లు గలోడు, పిల్లలున్నోడు, ఒకింటికిచ్చీసిన ఆడకూతురికి కిడ్నీ ఇత్తాడేటి?" అంటారు. మా వీధిలో ఇంకొకడి విషయంలో అలాగే కూర్చుని ఆపేశారు. ఆ ఆడకూతురు పోయినప్పుడు ఆ నలుగురూ ముందు వరసలో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. పుట్టింటివాళ్లు చీర పెట్టొచ్చు, పసుపు కుంకుమ కింద పొలం రాయొచ్చు, ఒంట్లోది మాత్రం ఇవ్వకూడదట. థూ! వీళ్లకి నేను జవాబు చెప్పాలా? ఆపరేషనయ్యాక తెలిస్తే తెలుస్తుందిలే అనుకున్నాను.

కాలేజీ గ్రౌండులో పొద్దున్న ఐదింటికి మొదలుపెట్టాను. కొత్త బూట్లు, నా పొట్ట మీద ఆగని నిక్కరు, ఫోనులో పరుగు నేర్పే యాప్‌లో ఒక ఆడగొంతు. ఒక నిమిషం పరిగెత్తమంటుంది, రెండు నిమిషాలు నడవమంటుంది. నలభై మూడేళ్ల మనిషికి ఒక నిమిషం పరుగు ఒక లెక్కా అనుకున్నాను. ముప్పై సెకన్లకి నోరు తెరిచాను, నలభైకి డొక్క పట్టేసింది, యాభైకి గోల్‌పోస్టు పట్టుకుని వంగిపోయాను. ఫోనులో ఆవిడ "చాలా బాగా చేశారు" అంది. ఎవరితో అంటోందే ఇది!

గ్రౌండులో రెండు జాతులుండేవి. ఒకటి, ఆర్మీ సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్ల గుంపు. నా పక్కనుంచి గాలిలా పోతూ "మావా, నీ సెలక్షనెప్పుడు?" అని అరిచేవాళ్లు. వాళ్లమీద నాకు కోపం లేదు. నా వెనకభాగం అలా ఊగుతూ ముందు పోతుంటే నేనైనా అరుస్తాను. రెండోది వాకింగ్ బ్యాచి. రిటైరైన మేష్టర్లు, బంగారం షాపువాళ్లు, ఒకరిద్దరు మాజీ సర్పంచులు. రెండు రౌండ్లు నడుస్తారు. నడుస్తున్నంతసేపూ మోకాళ్ల గురించి, రాజకీయాల గురించి ఉపన్యాసాలు. తర్వాత గేటు దగ్గర హోటల్లో తలా నాలుగు పూరీలు కూర ముంచుకుని తిని, ఆరోగ్యం కాపాడుకున్నామని ఇంటికెళ్తారు. ఇవాళ్టి దాకా ఒక్కడి పొట్టా ఒక్క అంగుళం తగ్గగా నేను చూడలేదు. వాళ్లు నాకు సలహాలిచ్చేవాళ్లు! "పరిగెట్టకు బావూ, కీళ్లరిగిపోతాయి." మీవి అరగకుండా దాచుకుని ఏం చేస్తారయ్యా, మ్యూజియంలో పెడతారా?

ఇంట్లో చోడి అంబలి, అంటే రాగి జావ, పెరుగన్నం రెండు ముద్దలు, ఉడకబెట్టిన కూర. పప్పు నోట్లో వేసుకుని, నమిలి, ఉమ్మడం నేర్చుకున్నాను. బస్తా తెచ్చినవాడు అదిరిపోయాడు. "అంత బాగా లేదా బావూ?" అని వాడే ధర దించాడు. ఇరవై ఏళ్లు మింగింది శుద్ధ దండగని అప్పుడు తెలిసింది.

మూడో నెలకి ఆగకుండా పది నిమిషాలు పరిగెత్తాను. ఐదో నెలకి అరగంట. అది పరుగంటే పరుగుకే అవమానం, నడిచే గేదె నన్ను దాటిపోయేది. అయినా ఆగలేదు. చీలమండ వాచి పది రోజులు పడుకుంటే, తొమ్మిదో రోజుకి అప్ప కుడి చేతి నరం సరిగ్గా పలకడం లేదని బావ ఫోను చేశాడు. పదో రోజు పొద్దున్నే గుడ్డ చుట్టుకుని గ్రౌండుకెళ్లాను. ఆరో నెలకి ఎనభై ఎనిమిది.

అప్పుడు మొదలైంది అసలు సంత.

వేరే ఊళ్లలో మనిషి సన్నబడితే బాగున్నావంటారు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా దగ్గర గొంతు తగ్గించి "టెస్ట్ సేయించుకున్నావేటి?" అంటారు. మొదట టీ కొట్టువాడు అడిగాడు. తర్వాత మంగలి అడిగాడు. టెక్కలిలో ఒక పెళ్లికెళ్తే, పెళ్లికొడుకు మేనత్తట, నన్నెప్పుడూ చూడని మనిషి, నా బుగ్గలు చూసి, "క్రియాటిన్ ఎంతున్నాది బావూ?" అంది. పలకరింపు కింద రక్తపరీక్ష ఫలితం అడిగే ఊళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా? "పరిగెడుతున్నానమ్మా" అన్నాను. "పాపం" అంది. పరిగెత్తడం కూడా రోగలక్షణం కింద రాసేసుకుంది.

ఆ తర్వాత నేను ఎక్కడ కూర్చుంటే అక్కడ మాటలు ఆగిపోయేవి. పూరీల బ్యాచిలో ఒకాయన నా చేతిలో ఏదో ఆకు పొట్లం పెట్టి, పరగడుపున నూరి తాగమన్నాడు. ఇంకొకాయన బోరు నీళ్లు మానేయమన్నాడు. బారువలో చేపల వ్యాపారం చేసే నా స్నేహితుడొకడు ఇంటికొచ్చి, ఏమీ అడక్కుండా, చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వాణ్ని ఓదార్చడానికి నాకు గంట పట్టింది. చచ్చిపోతున్నది వాడో నేనో తెలియలేదు. నిజం చెబుదామా అంటే నోరు కట్టేసుకున్నానాయె. వెధవ బతుకు అనుకుని పొద్దున్నే వెళ్లి ఇంకో రౌండు ఎక్కువ పరిగెత్తాను.

ఎనిమిదో నెలలో తూకం మిషను మీద ఎనభై మూడున్నర చూశాను. దిగి మళ్లీ ఎక్కాను. అంతే ఉంది. పలాసలోనే రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం జేబులో పెట్టుకుని, మోటారుసైకిలు మీద అప్ప ఊరికి పోయాను. విశాఖపట్నం ఎప్పుడు వెళ్దామో అడగడానికి.

అప్ప పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నవ్వలేదు.

"నాను రాను," అంది.

"ఎక్కడికి?"

"వైజాగు. నాకొద్దు నీ కిడ్నీ. నీ దగ్గరే ఉంచుకో."

మాటా మాటా లాగితే బయటపడింది. డయాలసిస్‌కి వెళ్లినప్పుడు పక్క మంచాలవాళ్లు చెప్పారట. మీ తమ్ముడికీ అంటుకున్నాదట, జబ్బు దాచుకుంటున్నాడట, సగం అయిపోయాడట. నెల రోజులుగా అది విని, ఎవరినీ అడక్కుండా, తనలో తను తేల్చుకుని కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు నవ్వి పంపించావు కదే! బెల్లం కక్కమన్నావు! నీకోసం ఎనిమిది నెలలు కుక్కలా పరిగెత్తితే, ఆ పనీపాటా లేని ముండల మాట వింటావా?"

"వాళ్లేం సెడ్డోళ్లు కాదు. వాళ్లకి తెలుసు."

కాగితం తీసి ఒళ్లో పడేశాను. ఆమె చదవలేదు. "అయ్యకి కూడా మొదటి కాగితం బాగానే వచ్చినాది," అంది. "అయ్యా ఇలాగే ముందు బుగ్గలు పోనాయి. తర్వాత మెడ. అప్పుడు నువ్వు సదువుకి పోనావు, నువ్వు సూడలేదు. నాను సూసినాను."

నిజమే. మా నాన్న ఇదే జబ్బుతో పోయే ముందు ఆర్నెల్లు నేను హాస్టల్లో ఉన్నాను. ఆయనకి అన్నం కలిపి పెట్టిందీ, కాళ్లు ఒత్తిందీ అప్పే.

"రెండూ పాడయితే నువ్వేటి సేత్తావు? ఉన్న రెండిట్లో ఒకటి నానెత్తుకుపోనా? నీ పిల్లలకేటి సెప్పాల నాను?"

బావ తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఎప్పటిలాగే. అప్పుడు అప్ప లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి వీధి గుమ్మం ముందు వేసుకుంది. ఆమె ఇంటి ముందునుంచి కొబ్బరితోటల్లోంచి, సరుగుడు తోపు దాటి, సముద్రందాకా రోడ్డు ఉంది. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు.

"జబ్బున్నోడు పరిగెట్టలేడు," అంది. "అయ్య పెరటి పాకదాకా కూడా నడవలేకపోనాడు. పరిగెట్టు. సూత్తాను." బావ వైపు తిరిగింది. "నువ్వు బండేసుకుని ఎనకాల పో. నడిసినాడంటే నాకు సెప్పు."

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, ప్యాంటూ చొక్కాతో, చెప్పులు విప్పేసి బావ కాన్వాసు బూట్లు తొడుక్కుని పరిగెత్తాను. అవి ఒక సైజు చిన్నవి. కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు చేతుల్లో పని ఆపి చూశారు. వెనక బావ బండి మొదటి గేరులో గుర్రుమంటూ వస్తోంది. సరుగుడు తోపు దగ్గర ఇసుక మొదలయ్యాక బండి నా పక్కకి తెచ్చాడు.

"ఇక్కడ నీడలో కూకో. కాసేపాగి ఎల్దాం. మొత్తం పరిగెట్టినాడని నాను సెప్తాను."

వాడి మొహం మీద ఉమ్మేద్దామనుకున్నాను. నోట్లో తడి లేదు. నేను ఆగకుండా పోతుంటే, బండి అలాగే పక్కన నడుపుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నాకు బీపీ లేదు. బయమేసినాది. అంతే."

ఎనిమిది నెలలుగా వాడికోసం దాచుకున్న తిట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. ఊపిరి ఉంటే వాడేవాడినే. సముద్రం కనిపించింది, తాటిదొన్నె బోర్లించినట్టు ఒక పడవ ఇసుకలో ఉంది, దాన్ని చుట్టి వెనక్కి తిరిగాను. బూట్లో బొటనవేలి గోరు చితికింది. నాకు నా మీదే అసహ్యమేసింది, ఇంత కష్టపడి ఇంత నెమ్మదిగా పోతున్నందుకు. నడిస్తే మాత్రం అప్ప చచ్చిపోతుంది. అందుకని నడవలేదు.

తిరిగొచ్చేసరికి అప్ప కుర్చీలో లేదు. రోడ్డు మధ్యన నిలబడి ఉంది. నేను ఆమె ముందు ఆగి మోకాళ్లు పట్టుకుని వంగిపోయాను. "నడిసినాడా?" అని నా తలమీదుగా అడిగింది.

"లేదు," అన్నాడు బావ. "నాను ఆగమన్నా ఆగలేదు."

అప్పటికీ ఆమె నమ్మలేదు. నేలమీద గొంతుక్కూర్చుని నా ప్యాంటు పైకి లాగింది. కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. మా ఉద్దానంలో చదువురానివాళ్లకి కూడా ఈ పరీక్ష తెలుసు. నీరు పట్టిన కాలైతే వేలు తీశాక గుంట అలాగే ఉండిపోతుంది. వేలు తీసి చూసింది. చర్మం టక్కున లేచింది. రెండో కాలు లాగి నొక్కింది. అదీ లేచింది. మళ్లీ మొదటి కాలు.

"అయ్య కాలు నొక్కితే నా ఏలు లోపలికి దిగిపోనాదిరా," అంది. "తీసినా గుంట పోలేదు. నాను సేత్తో రాసీసినాను, పోతాదేమోనని."

ఆమె ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు. రోడ్డు మీద, కొబ్బరివాళ్లందరి ముందూ, నా కాలు పట్టుకుని ఏడ్చింది. లేవదీద్దామంటే నాకు ఓపిక లేదు. నేను కూడా కూలబడ్డాను. కాసేపటికి చీర కొంగుతో ముందు నా మొహం, తర్వాత తన మొహం తుడుచుకుంది.

"ఎప్పుడెల్దాం?" అంది.