రెండు రేడియోల్లో పెద్దమ్మ పాట

మొన్న అభన్‌పూర్ వెళ్తూ మా అబ్బాయి కొత్త కారులో డిజిటల్ రేడియో విన్నాను. పాటకీ పాటకీ మధ్య ఎంత నిశ్శబ్దమంటే, పాడైపోయిందనుకుని దాని నెత్తిన రెండు దెబ్బలు వేశాను. మావాడు నావైపు చూసిన చూపు సంగతి వదిలేయండి. రేడియో అంటే గరగరలాడాలి, మనం దాన్ని కొడుతూ ఉండాలి. అలా పెరిగినవాళ్లం మేము. ఆ గరగర గురించే రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో మా పెద్దనాన్నకీ ఆయన అల్లుడికీ జరిగిన యుద్ధం గుర్తొచ్చి దారంతా నవ్వుకున్నాను.

పెద్దనాన్న శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వచ్చి, రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. చలికాలం పొద్దుగూకితే ఆయన ట్రాన్సిస్టర్‌లో విశాఖ స్టేషను అందేది. అందేది అంటే, దాన్ని కిటికీకి ఆనించి, ఎవరో ఒకరు ఏరియల్ పట్టుకుని కదలకుండా నిలబడితే అందేది. ఇంటికొచ్చిన చుట్టాలకి మంచినీళ్లకంటే ముందు ఆ ఏరియల్ అప్పజెప్పేవాడు. శంకర్ నగర్‌లో ఉండే అల్లుడు, అంటే మా బావ, ఆ బాధ చూడలేక టీవీకి డిష్, దాని సెట్‌టాప్ డబ్బా పెట్టించాడు. అదే స్టేషను ఆ డబ్బాలో చుక్క గరగర లేకుండా వచ్చింది.

“ఆవాజ్ ఎంత సాఫ్‌గా ఉందో చూడండి మావయ్యగారూ!”

“సాఫే గానీ అల్లుడుగారూ, గొంతులో పస ఏదండీ? ఇస్త్రీ చేసినట్టుంది.”

మామా అల్లుళ్లు కదా, ఎంత దెప్పుకున్నా చివర ‘గారు’ తగిలించుకునేవారు.

ఇంతలో పెద్దమ్మ విశాఖలో పెళ్లికి వెళ్లి, ఎవరో చుట్టాలు తీసుకెళ్తే రేడియోలో దంపుళ్ల పాట పాడి వచ్చింది. వాళ్లమ్మ వడ్లు దంచుతూ పాడిన పాట. ఫలానా రోజు సాయంత్రం వస్తుందని ఉత్తరం కూడా వచ్చింది. పెద్దమ్మ అంతవరకూ తన గొంతు తాను విని ఎరగదు. ఇంట్లో టేప్‌రికార్డరు ఎప్పుడో మూలపడింది. వినాలంటే ఆ ఐదు నిమిషాల్లోనే వినాలి. ఆ ఉత్తరాన్ని ఆవిడ రోజుకోసారి తీసి చదువుకునేది.

తీరా ఆ రోజు, ఏ రేడియోలో వినాలని పేచీ మొదలైంది. తెగక, రెండూ ఒకేసారి పెట్టాలనీ, మధ్యలో కుర్చీలో నేను కళ్లు మూసుకుని ఏది మేలో తేల్చాలనీ తీర్మానించారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. పెద్దనాన్న సర్వీసునాటి పచ్చజెండా ఊపాడు. నేను కళ్లు మూసుకున్నాను.

డబ్బా ట్రాన్సిస్టర్‌కంటే కొన్ని సెకన్లు వెనకబడి పలుకుతుందని మాలో ఒక్కరికీ తెలియదు. కిటికీ దగ్గర పాట మొదలైంది. రెండో పాదం అందుకునేసరికి టీవీలో మొదటి పాదం మొదలైంది. ఇద్దరు పెద్దమ్మలు ఒకరినొకరు తరుముకుంటున్నారు.

“మీ డబ్బా లేటండీ!” అని అరిచాడు పెద్దనాన్న.

“లేటు కాదండీ, కడిగి పంపిస్తున్నారండీ!” అన్నాడు బావ.

పెద్దనాన్న గొంతు పెంచితే బావ వాల్యూమ్ పెంచాడు. బావ పెంచితే పెద్దనాన్నా తిప్పాడు.

“నా పాట నన్ను ఇననియ్యరేటర్రా!” అని వంటింటి గుమ్మంలో పెద్దమ్మ మొత్తుకుంటోంది. అది మాత్రం ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. కానీ తీర్పరిని కదా, కళ్లు తెరవలేదు. ఆ తెలివితక్కువతనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ట్రాన్సిస్టర్‌లో పాట అయిపోయింది, నేను కళ్లు తెరిచాను. పెద్దనాన్న దాన్ని టక్కున కట్టేసి, “మనమే ఫస్టు!” అని ఎర్రజెండా ఎత్తాడు.

గది ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడు టీవీలోంచి, వెనకబడిపోయిన ఆ చివరి పాదం ఒంటరిగా వచ్చింది. గరగర లేదు, గొడవ లేదు. పాట మధ్యలో గాజులు కదలడం కూడా వినపడింది.

పెద్దమ్మ చేతిలో గరిటెతోనే టీవీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

“నా గొంతు కాదర్రా ఇది,” అంది మెల్లగా, “మా అమ్మ గొంతు.”

పక్కింటావిడ అది క్యాసెట్ అనుకుని, “ఫిర్ సే బజావ్ నా” అని మళ్లీ వెయ్యమంది.

రైలు అర నిమిషం ఆలస్యమైనా డైరీలో రాసుకున్న మనిషి మా పెద్దనాన్న. ఆ సాయంత్రం డబ్బా ఆలస్యాన్ని మాత్రం బతికున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.