తెగకముందే మార్చేసిన తాడు

అపార్ట్‌మెంట్లవాళ్లు ఆ లిఫ్టు మెకానిక్కుకి 'ముందుచూపు' అని పేరు పెట్టుకున్నారు. లిఫ్టు నిక్షేపంలా తిరుగుతున్నా సరే, పైకెక్కి ఇనుప తాడు తడిమి చూసి, "ఇది మార్చాలండీ" అనేవాడు. ఎవరైనా నసిగితే, "తెగాక మార్పిద్దామంటారా? అందాకా మీరే ఎక్కండి" అని నోరు మూయించేవాడు. ఆ గర్వాన్ని ఇంటికి కూడా మోసుకెళ్లాడు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

భార్య దూరపు రూటు బస్సులో కండక్టరు. నిలబడ్డవాళ్లను సర్దుతూ, చిల్లర లేనివాళ్లను దెప్పుతూ, తలుపు దగ్గర "రైట్ రైట్" అని కేకేస్తే బస్సుకే హుషారు పుట్టేది. డిపోలో అందరికీ చేసే పరీక్షల్లో ఆమె పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. నొప్పి మాత్రం ఏనాడూ లేదు.

"నొప్పి లేని రాళ్లు చాలామందికి అలాగే ఉండిపోతాయమ్మా. వస్తే అప్పుడు చూద్దాం," అన్నాడు డాక్టరు.

ముందుచూపుకి ఆ మాట గిట్టలేదు. ఆమెను బతిమాలి బామాలి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనా తొందర లేదనే అన్నాడు. "కావాలంటే పిత్తాశయం తీసేస్తాను. కానీ కొందరికి ఆ తర్వాత తిన్నది తిన్నట్టే విరేచనమవుతుంది. ఆలోచించుకోండి," అని హెచ్చరించాడు.

"మా ఆవిడకా! టికెట్టు లేకుండా ఆవిడ ఎవర్నీ దిగనివ్వదండీ!" అన్నాడు ముందుచూపు.

ఆమె పడీపడీ నవ్వింది. డాక్టరూ నవ్వాడు. ఆ నవ్వుల్లో హెచ్చరిక కొట్టుకుపోయింది.

ఆపరేషను చక్కగా జరిగింది. మళ్లీ డ్యూటీకెక్కాక, భోజనం చేసి బస్సు కదిలిందో లేదో, ఆమెకు కడుపులో గడబిడ మొదలయ్యేది. ఒకసారి బస్సు బస్సంతా కిటికీల్లోంచి చూస్తుండగా పెట్రోలు బంకుకి పరుగెత్తింది. మందులతో కొంత తగ్గింది గానీ, దూరపు రూటుకి ఆ కొంత చాలలేదు. చివరికి తానే అడిగి బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరులో కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ముందుచూపు క్యారేజీ పట్టుకుని అక్కడికి వెళ్లాడు. ఆమె మైకులో తన పాత బస్సు వేళ చెబుతోంది. కొత్త కండక్టరమ్మాయి తలుపేసుకుంది. బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా ఈమె మైకు మీట మీంచి వేలు తియ్యలేదు. బస్టాండంతా గరగరమని మోగింది.

"ఆ రోజు నేను నవ్వించకుండా ఉండాల్సింది," అన్నాడతను మెల్లగా.

"నేనూ నవ్వాను కదయ్యా."

ఒక్క తిట్టు తిడితే బాగుండుననుకుని నిలబడ్డాడు.

"పక్కకి జరుగు," అంది ఆమె, అతని భుజం మీదుగా చూస్తూ. "వెనకాల ప్యాసింజరు ఏదో అడుగుతున్నాడు."

క్యారేజీ కౌంటరు మీద పెట్టి పక్కకి జరిగాడు.