పన్నెండో సాలు

ముందు పోయినవాటి లెక్క. చక్కెర ఫ్యాక్టరీ ఒకటి, దాని సైరన్ ఒకటి. నా సెక్షన్‌లో చెరుకు నాటే ముఠాలు ఆరు. ఇరవై నాలుగు చరణాల నాటు పాటలో చరణం ఒకటి. మిగిలిన ఇరవై మూడూ నా నోట్‌బుక్కులో ఉన్నాయి.

ఆ ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్‌గా నన్ను కోటగిరి వైపు వేసిన రెండో ఏడు, మాఘమాసం. నాటిన చెరుకు సాళ్లు లెక్కించి రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఆ పైన ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు. నేను పది తప్పినవాణ్ణి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. గంగవ్వ ముఠాలో పదకొండు మంది ఆడవాళ్లు. మనిషికొక సాలు పట్టి, మూడు మొలక కళ్లున్న చెరుకు ముచ్చెలను, అంటే విత్తనపు ముక్కలను, తడిమట్టిలో కాలితో తొక్కుకుంటూ పోతారు. గంగవ్వ ఒక చరణం ఎత్తితే అది ముగిసేసరికి అందరూ అవతలి గట్టు చేరతారు. అందుకని నేను చరణాలు లెక్కపెట్టి పదకొండుతో హెచ్చించేవాణ్ణి.

"ఏం సారు, పాటకు గూడ హాజరేస్తవా?" అని నవ్వేవాళ్లు.

చివరి చరణం మాత్రం గంగవ్వ ఎన్నడూ పాడేది కాదు. అంతకు మూడేళ్ల కిందట అదే మడిలో, సాలు సగంలో ఉండగా, ఆమె చెల్లెలు సాయవ్వకు పురుగు ముట్టి ప్రాణం పోయింది. అక్కడ పాము అనరు. ఆ చరణం ఎందుకు పాడవని గంగవ్వను అడిగాను.

"ఆ సరణం మా సెల్లె కట్టింది. పాడితే అది వస్తది."

"వస్తే హాజరేస్తలే."

"మాటనా సారు?"

"మాటే."

ఆ మధ్యాహ్నం ఇరవై నాలుగో విడతలో ఆ చరణం పాడింది. మొదటి పాదమే నాకు గుర్తుంది: "కళ్లు మూడు మొలిసెనమ్మా, నీ కన్ను తెరిసెనా." వంత పాడే గొంతులు నాకెందుకో ఒకటి ఎక్కువ వినిపించాయి. మనుషులను లెక్కపెట్టాను. పదకొండే.

తర్వాత మడి తిరిగి చూశాను. రెండు వందల అరవై నాలుగు ఉండాలి. రెండు వందల అరవై ఐదు ఉన్నాయి. ఆ విడతలో పన్నెండోదైన చివరి సాలులో మడమ గుర్తులు తడిగా ఉన్నాయి. మిగిలిన ముచ్చెలు ఎంచి చూశాను. ఆ సాలుకు పట్టే ముచ్చెలు కుప్పలో తగ్గలేదు.

గంగవ్వ గట్టు మీదే నిలబడింది. "రాయి సారు. సగంల ఇడిసిన సాలు నింపింది. దాని పేరు రాయి."

పదకొండుతో భాగించితే ఒకటి మిగిలే అంకెకు ఇన్‌స్పెక్టర్‌కు ఏం చెప్పాలి? రెండు వందల అరవై నాలుగే రాశాను.

ఆమె కాసేపు రిజిస్టరు వైపే చూసింది. చదువు రాదు, కానీ నేను పేరు రాయలేదని తెలిసిపోయింది.

"ఇగ రాదు," అని గంప ఎత్తుకుంది.

ఆ చరణం మళ్లీ పాడలేదు. గంగవ్వ పోయాక ఆ పాదాలు ముఠాలో ఎవరికీ తెలియవు.

ఇరవై ఒకటో రోజు మొలక చూడడానికి పోయాను. అన్ని సాళ్లలో అక్కడక్కడ ఖాళీలు. చివరి సాలులో ఒక్క ఖాళీ కూడా లేదు.

ఆ తర్వాత ఏ మడిలోనూ హెచ్చించి రాయలేదు. నడిచి, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆ రిజిస్టరులో మాత్రం దిద్దుబాటు జరగలేదు. బాకీ: సాలు ఒకటి, హాజరు ఒకటి.