ఆంటీ వంటింటికి దక్షిణపు కిటికీ

ఆ రోజుల్లో నాకు కోపం చాలా కచ్చితంగా వచ్చేది. ఎవరి మీద, ఎందుకు, ఎంత అని అడిగితే లెక్క చెప్పగలిగేవాణ్ని. వయసు మీద పడ్డాక కోపం కూడా సుమారుగా వస్తోంది గానీ, సరస్సు అంకుల్ ఇంటి సంగతి గుర్తొస్తే పాత లెక్క మళ్ళీ మొదలవుతుంది. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లో ఓ పాత భవనం మూడో అంతస్తులో, ఫ్లాట్లకు లోపలి అలంకరణలు చేసే చిన్న ఆఫీసులో నేను డ్రాయింగులు గీసేవాణ్ని. ఇంజనీరును కాను. లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నవి (అందుకే వాటి మీద అంత మమకారం, సొంతంగా వండుకున్న కూర ఉప్పెక్కువైనా పారబొయ్యం కదా). మా యజమాని ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయుడు. ఎవరేమడిగినా "కెన్, కెన్", అంటే అవుతుంది అవుతుంది, అనేవాడు. బీరువా గోడలోకి పోవాలా, కెన్. వంటగదిలో మంచం పట్టాలా, కెన్. పట్టించాల్సింది మేము కనుక ఆయనకు కానిదంటూ లేదు. ఆయన్ని మేం కెన్ సార్ అనుకునేవాళ్ళం.

సరస్సు అంకుల్ ఆంగ్ మో కియోలో ఉండేవారు. కాకినాడ వైపు మనిషి. ఓడలు బాగుచేసే యార్డులో ముప్పై ఏళ్ళు ఒళ్ళు తడిసిపోయేలా పనిచేసి, రిటైరవగానే ఇక చెమట పట్టే దేశంలో ఉండనని ఒట్టు పెట్టుకున్నారు. కెనడాలో స్థిరపడిన తమ్ముడికి దగ్గర్లో, శీతాకాలమంతా గడ్డకట్టే ఓ సరస్సు ఒడ్డున స్థలం కొన్నారు, మేం సరస్సు అంకుల్ అన్నది అందుకే. కట్టేది అక్కడి మేస్త్రీయే అయినా ప్లాను మాత్రం తెలుగువాడు గీయాలన్నారు, ఎందుకంటే వాస్తు. స్థలానికి ఉత్తరానా ఈశాన్యానా నీళ్ళు. "కోటికొక్క స్థలమయ్యా ఇది" అని నా బల్ల మీద కొట్టి చెప్పారు. కాబట్టి ఉత్తరమంతా నేల నుంచి పైకప్పు దాకా అద్దాలు, గాలాడటానికి ఎదురెదురు కిటికీలు, వడియాలు పెట్టుకోవడానికి పైన డాబా, కాళ్ళకు చల్లగా ఉండేలా నున్నటి పలకల నేల కావాలన్నారు. దక్షిణం వైపు చీమ దూరే సందు కూడా ఉండకూడదు. నేను తలూపి గీసేశాను. అలవాటు కొద్దీ వీధి తలుపు బయట చెప్పుల స్టాండు కూడా గీశాను. మన కారిడార్లలో ఉండేది అక్కడే కదా.

ఆ డ్రాయింగు కెనడా వెళ్ళి, ఒళ్ళంతా ఎర్ర సున్నాలతో తిరిగొచ్చింది. చెప్పుల స్టాండు చుట్టూ రెండు సున్నాలు. బయట విప్పిన బూట్లు మళ్ళీ వేసవిలోనే చేతికొస్తాయని మేస్త్రీ రాశాడు. గుమ్మం దగ్గర రెండు తలుపుల మధ్య చిన్న గది కట్టాలట. మంచు దులుపుకుని, బూట్లూ కోట్లూ అక్కడే వదిలి, ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి. డాబా మీద మంచు పేరుకుంటే కప్పు కుంగుతుంది కనుక జారిపోయేలా ఏటవాలు కప్పు కావాలట. నీళ్ళ గొట్టాలు నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి పోవాలి. ఒడ్డున పడవ కట్టే చెక్కవంతెన చలికాలం ముందు ఊడదీసి గట్టుకు చేర్చేదై ఉండాలి. ఇల్లేమో ఒడ్డుకు ఇంకా దూరం జరగాలి, గాలికి మంచుపలకలు గట్టెక్కి వస్తాయి. అంకుల్ ఒక్కొక్కదానికీ మూలిగి ఒప్పుకున్నారు. దక్షిణపు గోడ గురించి మాత్రం మేస్త్రీ ఏమీ అనలేదు. ఇంటాయన ముచ్చట అనుకున్నాడు కాబోలు.

ఆ ఎర్ర సున్నాలు నా అభిమానాన్ని కాల్చేశాయి. లైబ్రరీలో కూర్చుని చలిదేశాల ఇళ్ళ గురించి చదివాను, లెక్క కట్టాను. మన సింగపూర్‌లో సూర్యుడు నడినెత్తిన నడుస్తాడు. ఏ గోడ ఎటు ఉంటే ఏమిటని అనుకుంటాం. ఆ సరస్సు దగ్గర నడి చలికాలం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన పదహారున్నర డిగ్రీలే లేస్తాడు. అంటే ఏడడుగుల ఎత్తు కిటికీ దక్షిణాన పెడితే ఎండ ఇరవై మూడడుగులు లోపలికొస్తుంది. గోడ కడితే ఒక్క అంగుళం రాదు. ఆగ్నేయంలో ఉన్న వంటింటికి తూర్పున పొరుగువారి పైన్ చెట్లు అడ్డం. రోజంతా అందులో మసలబోయేది ఆంటీ. ఆవిడ చలికాలమంతా పట్టపగలు దీపం వేసుకుని వండుకోవాలి. ఇదంతా అంకుల్‌కి చెప్పాను.

"ఏవయ్యా, నువ్వెప్పుడైనా మంచు చూశావా?" అన్నారాయన.

"మీరు చూశారా అంకుల్?"

"నేను స్థలం కొన్నానయ్యా."

మర్నాడు కెన్ సార్ నన్ను పిలిచి, ఇంటాయన గోడ అంటే గోడ గీయమనీ, సూర్యుడు మన కస్టమరు కాడనీ చెప్పి, చివర్న "కెనాట్" అన్నాడు. ఆయన నోట ఆ మాట మొదట విన్న ఘనత నాదే. ఆ కోపంలో హాకర్ సెంటర్‌కి వెళ్తే, ఖాళీగా ఉన్న ప్రతి కుర్చీ మీదా ఎవరో టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసేసి, అంటే చోటు పట్టేసి, ఉన్నారు. ప్లేటు పట్టుకుని నిలబడే తిన్నాను. అంకుల్ కూడా అంతే, ఇల్లంతా సరస్సుకి చోప్ చేసేశారు, పాపం సూర్యుడికి కుర్చీ లేదు అనుకుంటే ఇంకా మండింది.

సంతకం పెట్టే రోజున ఆంటీ కూడా వచ్చారు. నెలల తరబడి ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు (నేనూ అడగలేదు, ఆవిడ తరఫున కోప్పడటంలో తీరిక లేక). ప్లానంతా నిదానంగా చూసి, నావైపు తిరిగారు.

"బాబూ, కరివేపాకు కుండీ ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆంగ్ మో కియోలో ఆవిడ కారిడార్‌లో ఒక చెట్టుంది. ఆ అంతస్తులో తెలుగువాళ్ళకీ తమిళులకీ అందరికీ తాలింపు దానితోనే. "హాల్లో పెట్టుకో, అంత అద్దం ఉందిగా" అన్నారు అంకుల్.

నేను లేచి, బల్ల కింద దాచుకున్న అట్ట ఇల్లు తీశాను. నూడుల్స్ పెట్టె కోసి కొలతల ప్రకారం చేసుకున్నది. ఆఫీసు కిటికీ తెరలు దించి, టార్చి దక్షిణం వైపు నుంచి పదహారున్నర డిగ్రీల ఎత్తులో పట్టుకుని, పై నుంచి చూడమన్నాను. ఉత్తరాన అద్దాల హాలు చీకటి. వంటిల్లు చీకటి. అప్పుడు ఎవర్నీ అడక్కుండా కట్టర్‌తో దక్షిణపు గోడను కోసేశాను. వెలుతురు వంటిల్లు దాటి, హాల్లోకి పాకి, పెట్టె అంచు మీదున్న అంకుల్ వేళ్ళ మీద పడింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "దక్షిణం యముడి దిక్కు. కూడదు."

ఆంటీ పెట్టెలోంచి చూపు తిప్పకుండానే అన్నారు, "ఆ చలికి యముడొస్తే మీ సరస్సు మీంచే వస్తాడండీ. ఇటు వచ్చేది సూర్యుడొక్కడే. రానివ్వండి."

అంకుల్ వెనక్కి తీసుకున్న చేతిని మళ్ళీ పెట్టె అంచు మీద పెట్టారు. తెలుగు రాని కెన్ సార్, ఏమైందని నన్నడిగి, సౌత్ విండో అని వినగానే "కెన్, కెన్" అన్నాడు. ఉత్తరపు అద్దాలు తగ్గి, చలి దూరకుండా మూడు పొరల గాజుతో ఒక్క పెద్ద కిటికీ అయ్యాయి. అంకుల్ సంతకం పెట్టారు గానీ నాతో మాట్లాడకుండానే విమానమెక్కారు.

ఇన్నేళ్ళకి మొన్న చలికాలంలో ఆయన దగ్గర్నుంచి ఓ ఫోటో వచ్చింది. వంటింట్లో నేలంతా ఎండ, కిటికీలో కరివేపాకు, పక్కన ఆంటీ. అంకుల్ అక్కడే కుర్చీ వేసుకుని, కోటికొక్క సరస్సుకి వీపు పెట్టి కూర్చున్నారు. కింద ఒక్క ముక్క: "ఎండ కళ్ళల్లో పడుతోందయ్యా. ముందే చూసుకోవద్దూ?"

సరిగ్గా పాత కొలత ప్రకారమే కోపం వచ్చింది. ఘాటుగా జవాబు రాద్దామని ఫోను తీశాను గానీ, అప్పటికి సాయంత్రం నాలుగైంది. పడమటి ముఖంగా ఉందని తెలిసీ కొనుక్కున్న నా ఫ్లాట్‌లో ఎండ సోఫా ఎక్కేసింది. లేచి, రోజూలాగే సూర్యుణ్ని తిట్టుకుంటూ కర్టెన్లు లాగాను. ఆ మసక వెలుతురులో, టార్చి పట్టుకుని ఇదే సూర్యుడి తరఫున అంత కోపంగా వాదించిన ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చాడు. ఒక కర్టెన్ కొంచెం పక్కకి జరిపి, అంకుల్‌కి జవాబు రాశాను: "కుర్చీ రెండడుగులు ఎడమకి జరుపుకోండి అంకుల్."